ఇంగ్లండ్ పల్లెలో అడవితోట మధ్య పాత ఇల్లు: ప్రకటన చూసిన రోజు నుంచి తాళాలు చేతికొచ్చే దాకా

మే మొదటి వారంలో ఈస్ట్ ససెక్స్‌లో ఒక ఇల్లు చూడడానికి వెళ్లాం. ఎవరి కంటా పడని జార్జియన్ కాలపు ఇల్లు, చుట్టూ నాలుగెకరాల అడవితోట అని ప్రకటన. గేటు దాటగానే ఓక్ చెట్ల కింద నేలంతా నీలం, బ్లూబెల్స్ పూశాయి. వాటి వెనక రెండు నిలువుల ఎత్తున రోడోడెండ్రాన్లు విరగబూసి ఉన్నాయి. మా ఆయన అప్పటికే మనసులో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. నేను మాత్రం ఏజెంటును ఒకటే అడిగాను: ఈ ఇంటి మురుగునీరు ఎక్కడికి పోతుంది? ఆయన ఫైలు తిరగేసి, కనుక్కుని చెబుతానన్నాడు. ఇరవై నిమిషాలు వెతికితే సెప్టిక్ ట్యాంకు మూత ఒక రోడోడెండ్రాన్ పొద కింద దొరికింది. దాని పైపు తిన్నగా కింది వాగులోకి పోతోంది.

ఆ ఇల్లు కొనలేదు. ఆ తర్వాత రెండేళ్లు తిరిగి మరొకటి కొన్నాం. ఈ తిరుగుళ్లలో నాకు బోధపడింది ఏమిటంటే, ఇలాంటి ఇళ్లలో ఏకాంతం అంటే ఊళ్లోంచి వచ్చే పైపులు, తీగలు, రోడ్లు మన గేటు దాకా రాకపోవడం. అవి లేని లోటును ఎవరు పూడుస్తున్నారు, రేపు ఎవరు పూడ్చాలి అన్నది తేలాకే గోడల అందం గురించి ఆలోచించాలి. కింద రాసినదంతా ఆ వరసలోనే ఉంటుంది. ఇది ఇంగ్లండ్ వరకే. స్కాట్లాండ్‌లో కొనుగోలు చట్టం వేరు, పన్నూ వేరు.

ముందు డబ్బు లెక్క, అందులో హైదరాబాద్ ఫ్లాట్

ప్రకటనలు చూడడం మొదలుపెట్టక ముందే స్టాంప్ డ్యూటీ లెక్క వేసుకోండి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి: మొదటి 1,25,000 పౌండ్లకు పన్ను లేదు. అక్కడి నుంచి 2,50,000 దాకా 2 శాతం, 9,25,000 దాకా 5 శాతం, 15 లక్షల దాకా 10 శాతం, ఆపైన 12 శాతం. పన్నెండు లక్షల పౌండ్ల ఇంటికి ఇది 63,750 పౌండ్లు అవుతుంది.

మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఇప్పటికే మరో ఇల్లు ఉంటే మొత్తం ధర మీద 5 శాతం అదనం. ఆ మరో ఇల్లు ఇంగ్లండ్‌లోనే ఉండాలని లేదు. కొండాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటైనా, విజయవాడలో నాన్నగారి నుంచి వచ్చిన ఇంట్లో వాటా అయినా, మీ భాగం విలువ 40,000 పౌండ్లు గానీ అంతకు మించి గానీ ఉంటే లెక్కలోకి వస్తుంది. కలిసి ఉంటున్న దంపతుల్లో ఒకరి పేరున ఉన్నా ఇద్దరికీ వర్తిస్తుంది. పై ఉదాహరణలో పన్ను ఒక్కసారిగా 1,23,750కి పెరుగుతుంది. ఇప్పుడు ఉంటున్న సొంత ఇల్లు అమ్మి దాని బదులు ఇది కొంటున్నారనుకోండి, ఈ అదనం పడదు. అందుకే పాత ఇల్లు ఎప్పుడు అమ్ముడుపోతుంది, కొత్తది ఎప్పుడు చేతికొస్తుంది అన్న తేదీలు ఇంత ముఖ్యం. బ్రిటన్‌లో నివాసం లేనివాళ్లు కొంటే ఇంకో 2 శాతం. మా బావగారు అద్దె ఇంట్లో ఉంటూ, హైదరాబాద్ ఫ్లాటు సంగతి సొలిసిటర్‌కు, అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయరుకు, చివరి వారంలో చెప్పారు. ఆ వారం వాళ్లింట్లో టెన్షన్ చూడలేకపోయాం.

ఇండియా నుంచి డబ్బు తెచ్చేటట్టయితే ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. అక్కడ నివసించే అమ్మానాన్నలు పంపితే మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. మీ ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాసులకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) నుంచి అయితే పది లక్షల డాలర్ల దాకా తేవచ్చు. ప్రతి రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో సొలిసిటర్ కాగితాలు అడుగుతారు. పొలం అమ్మిన దస్తావేజు తెలుగులో ఉంటే అనువాదం చేయించి పెట్టుకోండి.

ప్రకటనను చదవడం

ఈ ప్రకటనల్లో కనబడే ‘పీరియడ్’ ఇల్లు అన్న మాటకు చట్టంలో అర్థం లేదు, పాతది అని మాత్రమే. ఏ కాలానిదో తెలిస్తే ఏ జబ్బులు ఉండొచ్చో ఊహించవచ్చు. పదహారో శతాబ్దపు ట్యూడర్ ఇళ్లకు ఓక్ దూలాల చట్రం ఉంటుంది. జార్జియన్ అంటే 1714 నుంచి 1830ల దాకా: ముందుభాగం అద్దంలో చూసినట్టు రెండు వైపులా ఒకేలా, పైకీ కిందికీ జరిగే చెక్క కిటికీలు. విక్టోరియన్ 1837 నుంచి 1901. కెంట్, ససెక్స్‌లలో మాత్రం ముందు గోడను నమ్మకండి. ముందు నుంచి నున్నటి జార్జియన్ ఇటుక, వెనక్కి వెళితే అంతకన్నా వందేళ్లు పాతదైన దూలాల ఇల్లు. కొన్నిచోట్ల ఆ ‘ఇటుక’ కూడా ఇటుక కాదు, ఇటుకలా కనబడేలా చట్రానికి బిగించిన పెంకులు. మూసేసిన కిటికీ కనబడితే ఏజెంటు తప్పకుండా కిటికీ పన్ను కథ చెబుతాడు. ఆ పన్ను 1696 నుంచి 1851 దాకా నిజంగానే ఉండేది. కానీ రెండు వైపులా ఒకేలా కనబడడం కోసం మొదటి నుంచీ ఉత్తుత్తి కిటికీలుగా కట్టినవీ ఉన్నాయి.

తర్వాత, ఆ ఇల్లు ‘లిస్టెడ్’ (చారిత్రక కట్టడంగా చట్టం కాపాడే జాబితాలో ఉన్నది) అవునా కాదా చూడండి. పాత కట్టడాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్‌లో జాబితా ఉంది, ఉచితం. గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు మెట్లు. వందలో తొంభైకి పైగా గ్రేడ్ 2 లోనే ఉంటాయి. గ్రేడ్ 2 అంటే బయటి ముఖం మాత్రమే కాపాడాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. లోపలి మెట్లు, తలుపులు, పొయ్యిగూళ్లు, ఇంటి ఆవరణలో 1948 జులై 1కి ముందు కట్టిన షెడ్డూ ప్రహరీ కూడా దాని కిందికి రావచ్చు. ఇంటి స్వభావాన్ని మార్చే పని ఏది చేయాలన్నా స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. లేకుండా చేస్తే క్రిమినల్ నేరం. అంతకన్నా భయపడాల్సింది ఇంకొకటి: పాత యజమాని అనుమతి లేకుండా గోడ పడగొట్టి ఉంటే, సరిచేయమన్న నోటీసు ఇప్పటి యజమానికే వస్తుంది. దానికి కాలపరిమితి లేదు. కాబట్టి వంటిల్లు విశాలంగా, ఆధునికంగా ఉందని ముచ్చటపడితే, వెంటనే ఆ పనికి ఇచ్చిన అనుమతి కాగితం అడగండి.

చూడడానికి రెండుసార్లు, రెండోది చలికాలంలో

ఇలాంటి ఇళ్లను ఏజెంట్లు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో మార్కెట్‌లోకి తెస్తారు. ఊరికే కాదు. బ్లూబెల్స్ పూసేది అప్పుడే. వీలైతే రెండోసారి జనవరిలో, వాన పడిన మర్నాడు మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది. చెట్లకు ఆకులుండవు కాబట్టి మే నెలలో కనబడని పక్కింటి గోదామూ, వినబడని రోడ్డూ తెలుస్తాయి. దారిలో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, తూములు ఎక్కడ పొంగుతున్నాయో కంటికే కనబడతాయి.

ఆ రోజు ఇంట్లోకి వెళ్లే ముందు బయట గంట గడపండి. మొదట మురుగు. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేరుగా వాగులోకో కాలవలోకో వదలకూడదని నిబంధన, 2020 జనవరి 1 నుంచి గట్టిగా అమలవుతోంది. ఆ నీరు భూమిలోకి ఇంకిపోయే ఏర్పాటైనా ఉండాలి, లేదా దాన్ని శుద్ధిచేసే ట్రీట్‌మెంట్ ప్లాంటు పెట్టాలి. కొత్తది పెట్టడానికి పది వేల పౌండ్లు దాటడం మామూలే. అమ్మేవాళ్లే సరిచేసి అమ్మాలనో, ఆ మేరకు ధర తగ్గించాలనో అడగడానికి ఇదే సమయం. చుట్టూ చెట్లుంటే ఇంకో చిక్కుంది: ఇంకుడు పైపుల్లోకి వేర్లు దూరతాయి.

తర్వాత నీళ్లు. ఊరి నీటి పైపు (మెయిన్స్) లేకపోతే బోరో, ఊటో ఉంటుంది. రోజుకు 20,000 లీటర్ల దాకా తోడుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు, ఇంటికి అందులో పదో వంతు కూడా పట్టదు. నీటి పరీక్ష మాత్రం మీ ఖర్చుతో మీరే చేయించండి. ఆ బోరు పక్కవాళ్ల పొలంలో ఉంటే, నీళ్లు తెచ్చుకునే హక్కు దస్తావేజుల్లో ఉందో లేదో చూడాలి.

ఇంటిని వెచ్చబెట్టేది ఎక్కువగా ఆయిల్ బాయిలర్. ఆయిల్ కంపెనీలు సాధారణంగా 500 లీటర్లకు తక్కువ తీసుకురావు. ఆ ట్యాంకర్ మీ సన్నటి మట్టిదారిలో, చెట్టుకొమ్మల కింద నుంచి ట్యాంకు దాకా రాగలదా? మేం చూసిన ఒక ఇంట్లో రాలేదు. ఆ ఇంటి పెద్దాయన ఇరవై ఏళ్లుగా గేటు దగ్గరి నుంచి పొడవాటి గొట్టం వేయించుకుంటున్నారు. వంటింట్లో ఆగా పొయ్యి ఉంటే అది అందమైనదే, రోజంతా వెలిగే ఇనుప పొయ్యి. ఇడ్లీకి పనికొస్తుంది. దోసెకు మాత్రం వేరే స్టవ్ పెట్టుకోవాల్సిందే.

ఫోన్ సిగ్నల్, బ్రాడ్‌బ్యాండ్ సంగతి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ వెబ్‌సైట్‌లో చూసి, అక్కడ నిలబడి మీ ఫోన్‌లోనూ చూడండి. వరద ముప్పు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొడితే వస్తుంది. కార్న్‌వాల్, డెవన్, డెర్బీషైర్ వైపు కొంటుంటే నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు గురించి కూడా అడగాలి. చర్య తీసుకోవాల్సిన స్థాయి ఘనపు మీటరుకు 200 బెకరెల్స్.

చెట్లు: ఇంటికన్నా వీటికే ఎక్కువ సమయం ఇవ్వండి

అడవితోట అంటే వదిలేసిన అడవి కాదు. అది పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన ఒక తోటపని పద్ధతి. ససెక్స్‌లో గ్రేవ్‌టై మేనర్ కొన్న విలియం రాబిన్సన్ లాంటివాళ్లు, కత్తిరించిన పూలమడులు వద్దని, చెట్ల నీడలో మొక్కలను వాటంతట అవి పెరిగినట్టు కనబడేలా నాటించారు. అదే కాలానికి హిమాలయాల మొక్కలు వచ్చి చేరాయి. 1840ల చివర్లో జోసెఫ్ హుకర్ సిక్కిం కొండల్లో సేకరించి పంపిన రోడోడెండ్రాన్ల సంతతి ఇప్పటికీ దక్షిణ ఇంగ్లండ్ తోటల్లో పూస్తోంది. మన దేశపు కొండచెట్టు ఇక్కడి ఆమ్లనేలలో వేళ్లూనుకుని వందేళ్లు దాటడం చూస్తే, నాకైతే ప్రతిసారీ కాసేపు నిలబడిపోవాలనిపిస్తుంది.

కానీ రోడోడెండ్రాన్ కనబడగానే మురిసిపోకూడదు. ఊదారంగు పూల పాంటికమ్ అనే రకం గుత్తకు తీసుకున్నట్టు అడవంతా ఆక్రమిస్తుంది. దాని కింద గడ్డిపరక కూడా మొలవదు. ఎకరాలకొద్దీ అది పరుచుకుని ఉంటే, తీయించడం ఏళ్ల తరబడి సాగే పని. ఇక యాష్ చెట్లు. వాటిని ఎండబెట్టే శిలీంధ్రపు తెగులు బ్రిటన్‌లో 2012లో బయటపడింది. తెగులు పట్టిన యాష్ పెళుసుబారి ఉన్నట్టుండి విరుగుతుంది. అందుకే దాన్ని ఎక్కి కోయడానికి పనివాళ్లు ఒప్పుకోరు, యంత్రం తేవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. దారి పక్కనా, ఇంటి పక్కనా ఎన్ని యాష్ చెట్లున్నాయో లెక్కపెట్టండి. తోటలోంచి పబ్లిక్ ఫుట్‌పాత్ (ఎవరైనా నడిచే హక్కున్న కాలిబాట) వెళుతుంటే ఆ దారిపైకి వాలిన చెట్ల బాధ్యత కూడా యజమానిదే. చెట్ల నిపుణుడి చేత ఒక సర్వే చేయించడం వృథా ఖర్చు కాదు.

కెంట్, ససెక్స్ అడవులు వయసుకు మించి కుర్రగా కనబడితే ఆశ్చర్యపోకండి. 1987 అక్టోబర్ 16 తెల్లవారుజామున వచ్చిన తుఫానులో దక్షిణ ఇంగ్లండ్‌లో కోటీ యాభై లక్షల చెట్లు కూలాయి. సెవెనోక్స్ (ఏడు ఓక్‌లు) అన్న ఊరి పేరుకు గుర్తుగా 1902లో నాటిన ఏడు ఓక్ చెట్లలో ఆరు ఆ రాత్రే పడిపోయాయి.

కొన్నాక చెట్టు కొట్టేయొచ్చా? నేల మీది చెట్టు మీదే, నరికే హక్కు మాత్రం మీ ఒక్కరిదే కాదు. కౌన్సిల్ ఆ చెట్టుకు రక్షణ ఉత్తర్వు ఇచ్చి ఉంటే అనుమతి లేకుండా కొమ్మ కూడా తాకకూడదు. కన్జర్వేషన్ ఏరియాలో (పాత స్వరూపం కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన ప్రాంతంలో) ఉంటే, నేల నుంచి మీటరున్నర ఎత్తున వ్యాసం 75 మిల్లీమీటర్లు దాటిన ఏ మొదలునైనా ముట్టే ముందు ఆరు వారాల నోటీసు ఇవ్వాలి. తోట దాటి నిజమైన అడవి ఉంటే మూడు నెలలకు 5 ఘనపు మీటర్లకు మించి నరకడానికి ఫారెస్ట్రీ కమిషన్ లైసెన్స్ కావాలి. ఇంటితోటకు ఈ లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది కానీ, తోట ఎక్కడ ఆగి అడవి ఎక్కడ మొదలైందన్నదే తగువు. పైగా అటకలో గబ్బిలాలుంటే, అవి లేని నెలల్లో కూడా వాటి నివాసాన్ని చెదరగొట్టడం నేరం. పైకప్పు పనుల తేదీలన్నీ గబ్బిలాలే నిర్ణయిస్తాయి, మీరు కాదు.

ఇంకొక్క మాట. బంకమట్టి నేలలో ఇంటి పక్కన పెద్ద ఓక్ ఉంటే అది ఎండాకాలం నేలలో తడి లాగేస్తుంది, నేల కుంగుతుంది, గోడ బీటలిస్తుంది. అలాగని కొన్న వెంటనే చెట్టు కొట్టిస్తే నేల మళ్లీ తడి పీల్చుకుని ఉబ్బి, గోడను పైకి ఎత్తుతుంది. ఇంజనీర్‌ను అడగకుండా గొడ్డలి తీయకండి.

ధర మాట్లాడటం, సర్వే

మనకు బయానా ఇస్తే మాట ఖాయం. ఇక్కడ బయానా లేదు. మీ ధరకు వాళ్లు సరేనన్నా, ఇద్దరూ సంతకం చేసిన కాంట్రాక్టులను ఒకరితో ఒకరు మార్చుకునే దాకా ఇద్దరిలో ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. మధ్యలో ఎక్కువ ధర వస్తే అటు వెళ్లిపోవచ్చు కూడా. ధర ఒప్పుకున్న రోజే ఇల్లు మార్కెట్ నుంచి తీసేయాలని రాతపూర్వకంగా అడగండి. చట్టపరంగా కట్టిపడేయకపోయినా కొంత బంధమే.

సర్వేయర్ అనగానే మనకు గొలుసు పట్టుకుని హద్దులు కొలిచే మనిషి గుర్తొస్తాడు. ఇక్కడ సర్వేయర్ చూసేది ఇంటి ఆరోగ్యం. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ బ్యాంకు కోసమే. మీకోసం సర్వేయర్ల వృత్తిసంస్థ ఆర్ఐసీఎస్ చెప్పే లెవెల్ 3 సర్వే, అంటే అన్నిటికన్నా వివరమైనది, చేయించండి, అదీ పాత ఇళ్లు తెలిసినవాళ్ల చేత. పెద్ద పాత ఇంటికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. ఏనుగును కొంటూ అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇక్కడ పొదుపు చేయకండి.

ఆ సర్వేలో ప్రత్యేకంగా అడగాల్సింది సిమెంటు గురించి. ఈ గోడలు కట్టింది సున్నంతో. మన తాతల ఇళ్లలో గానుగ సున్నం ఎలాగో ఇదీ అలాగే: తడి పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో ఒకరు ‘బాగు’ చేస్తూ పైన సిమెంటు పూశారంటే తడి లోపలే ఉండిపోతుంది, ఇటుక ముఖం రాలుతుంది, లోపలి ఓక్ చివికిపోతుంది. అప్పుడు ఎవరో వచ్చి గోడలోకి రసాయనం ఎక్కించాలని కొటేషన్ ఇస్తారు. చాలాసార్లు కావలసింది రసాయనం కాదు. సిమెంటు గీకించి, ఆకులతో నిండిన పైకప్పు అంచు గట్టర్లు శుభ్రం చేయించి, గోడ పక్కన పెరిగిన మట్టి మట్టాన్ని తగ్గిస్తే తడి దానంతట అదే పోతుంది. అడవి మధ్య ఇంటికి గట్టర్లు ఏడాదికి ఒక్కసారి తీయిస్తే చాలదు, నవంబర్లో ఒకసారి, ఆకులన్నీ రాలాక మరోసారి.

కాగితాలు

ఈసీ తీయించినట్టే ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి టైటిల్ రిజిస్టర్ కాపీ, ప్లాను మీరే తెప్పించుకుని చదవండి, ఒక్కోటి 7 పౌండ్లు. ప్లానులోని ఎర్రగీత సుమారు హద్దే, అంగుళం లెక్క కాదు. ఒకే కుటుంబం తరాల తరబడి ఉన్న ఎస్టేటైతే అసలు రిజిస్టరే అయి ఉండకపోవచ్చు. దేశమంతటా అమ్మకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది 1990 డిసెంబర్‌లోనే. అప్పుడు పాత తోలు దస్తావేజులు చదవాలి, సొలిసిటర్‌కు సమయం పడుతుంది.

గేటు నుంచి రోడ్డు దాకా ఉన్న దారి ఎవరిది? వేరేవాళ్లదైతే నడిచే హక్కుతో పాటు వాహనాలకూ, కొత్త పైపులకూ హక్కుందా? మధ్యలో అడుగు వెడల్పు నేల మూడోవాళ్ల పేరున ఉండిపోతే, అదే మీ మెడ మీద కత్తి. కౌంటీ దగ్గరుండే ఫుట్‌పాత్ మ్యాపు కూడా చూడండి. ఆదివారం ఉదయం మీ పూలమొక్కల మధ్య నుంచి పాతికమంది నడక బృందం వెళుతుంటే ఆపే హక్కు మీకు లేదు. విపరీతంగా పాకే మొండి కలుపుమొక్క జపనీస్ నాట్‌వీడ్ ఉందా లేదా అన్నది అమ్మేవాళ్లు ఫారంలో రాసివ్వాలి. ‘తెలియదు’ అని రాస్తే నాలుగెకరాలున్నచోట దాన్ని లేదు అని చదువుకోకండి. కొన్ని ఊళ్లలో చర్చిలో పూజాపీఠం ఉండే భాగం (చాన్సెల్) మరమ్మతు ఖర్చు భూయజమాని మీద పడే మధ్యయుగపు బాధ్యత ఒకటుంది. సొలిసిటర్ చిన్న బీమాతో దాన్ని సర్దేస్తారు.

అమ్మేటప్పటి సంగతి కూడా ఇప్పుడే అడగండి. సొంత ఇంటి లాభం మీద పన్ను మినహాయింపు ఇంటితో కలిపి అర హెక్టారు, అంటే ఎకరంపావు వరకు మామూలుగా వస్తుంది. అంతకు మించిన తోట ఆ ఇంటికి అవసరమని నిరూపించుకోవాలి.

చివరి వారం

కాంట్రాక్టులు మార్చుకున్న రోజున సాధారణంగా 10 శాతం కడతారు. ఆ తర్వాత వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోతుంది. చాలా కాంట్రాక్టుల్లో ఆ క్షణం నుంచే ఇంటి నష్టం మీ బాధ్యత, కాబట్టి బీమా ఆ ఉదయానికే సిద్ధంగా ఉండాలి. లిస్టెడ్ ఇళ్లకు మామూలు బీమా చాలదు. అదే ఓక్‌తో, అదే సున్నంతో తిరిగి కట్టే ఖర్చుకు చేయించాలి.

తాళాలు ఇచ్చే రోజుకు ముందు, అమ్మేవాళ్లను ఒక గంట సమయం అడగండి. ఏజెంటు లేకుండా అయితే మరీ మంచిది. మేం కొన్న ఇంటి పెద్దావిడ నలభై ఏళ్లు అక్కడే ఉన్నారు. మేం టీ తెచ్చాం, ఆవిడ గొడుగు పట్టుకుని తోటంతా తిప్పారు. మెయిన్ నీటి వాల్వు ఎక్కడుందో, ఏ ఫ్యూజ్ ఏ గదిదో, ఆయిల్ ట్యాంకులో పుల్ల ముంచి ఎలా చూడాలో, స్నోడ్రాప్స్ పూలు ఎక్కడ మొలుస్తాయో చూపించారు. అక్కడ జూన్ దాకా గడ్డి కోయొద్దన్నారు. చివర్లో ఒక నాచు పట్టిన రాయిని గొడుగు మొనతో తట్టి, సెప్టిక్ మూత దీని కిందుంది, పదహారేళ్ల కిందట పొద తీయించి మరీ పెట్టించాను అన్నారు. మా ఆయన అప్పటికప్పుడు ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.